మా కాటా చెప్పిన బరువు

బర్మాలోని మా యాంగోన్‌లో దేశదేశాల ఆటల పోటీలు జరిగిన ఏడు నేను ఒక దేశపు జట్టుకు మేనేజరుగా ఉన్నాను. పజుండౌంగ్‌లో మా వీధి టీకొట్టులో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. అందరికీ చెప్పింది నేనే కాబట్టి అందరూ ఒకేలా చెబుతారు. ఊరంతా జెండాలు కట్టారు, ఆ జట్టుకు ముందు నేను నడిచాను, వాళ్ల కోచ్ ప్రతి చిన్న విషయానికీ నా సలహా తీసుకునేవాడు, వాళ్ల బరువులెత్తే పిల్ల నా కాళ్లకు దండం పెట్టి మరీ వేదిక ఎక్కి, హాలంతా లేచి నిలబడేలా ఇనుము ఎత్తింది. ఆ చివరి మాట దగ్గర మా ఆవిడ కూడా పక్కనుంచి తల ఊపేది.

ఇప్పుడు మా ఆవిడ లేదు. పోయి రెండేళ్లు దాటింది. టీకొట్టులో నా కబుర్లు వినే పాతవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, వచ్చిన కాసేపట్లో నీళ్లు పట్టుకుని అన్నం ఉడికించుకోవడంతోనే జనానికి సరిపోతోంది. వినేవాళ్లు లేకపోతే అబద్ధానికి రుచి ఉండదు. అందుకని ఈసారి జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

నేను మేనేజరును కాను. వ్యాను డ్రైవరును.

జెట్టీలో బియ్యం గోదాము కాటాదారుగా ముప్పై ఏళ్లు చేసి దిగిపోయాక, ఒక పాత జపాను వ్యాను నడుపుకునేవాణ్ని. పొద్దున్నే తన్లిన్ వంతెన మీదుగా ఫ్యాక్టరీ పనివాళ్లను దింపడం, సాయంత్రం తీసుకురావడం. ఆటల పోటీలకని ఊళ్లో వ్యాన్లన్నీ పిలిచారు. పెద్ద పెద్ద దేశాలకు ఏసీ బస్సులు, ఇంగ్లీషు దంచే కాలేజీ పిల్లలు. నాకూ నా వ్యానుకూ మిగిలింది అన్నిటికంటే చిన్న జట్టు. ఎనిమిది మంది ఆటగాళ్లు, ఒక్క కోచ్. వాళ్ల దేశం వయసు మా పెద్ద మనవరాలి వయసు కంటే తక్కువ. ఎక్కడో దీవి మీద సగం భాగం, కొండలు, కాఫీ తోటలు. చాలాకాలం కొట్లాడి, ఎంతోమందిని పోగొట్టుకుని దేశమయ్యారని కోచ్ ఒకసారి చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో గొప్ప లేదు, అలసట ఉంది.

జట్టు ముందు నడిచాననే మాట పూర్తిగా అబద్ధం కాదు. మొదటి రోజు వాళ్ల నీళ్లసీసాల పెట్టె నెత్తిన పెట్టుకుని గేటు దాకా నేనే ముందు నడిచాను. అక్కడ కాపలావాడు నన్ను ఆపేశాడు.

ఆ ఎనిమిది మందిలో ఒక పిల్ల ఉండేది. ఇరవై ఏళ్లుంటాయేమో. పొట్టిది, భుజాలు మాత్రం మా తాత తరంలో బస్తాలు మోసిన కూలీల భుజాలు. బరువులెత్తడంలో అన్నిటికంటే కింది తరగతి తనది, నలభై ఎనిమిది కిలోలు. పోటీ ముందు కాటా మీద నిలబెట్టి తూస్తారు. నలభై ఎనిమిదికి మించకపోతేనే వేదిక. కొంచెం మించినా ఇంటికే. ఇది నాకు ఆ పిల్లే వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. బర్మా పిల్లలను చూసి నన్ను 'ఊలే' అనడం నేర్చుకుంది. అంటే బాబాయి అన్నట్టే.

పతకం వస్తుందా అని అడిగాను. నవ్వింది. పతకం తెచ్చుకునేవాళ్లు ఎత్తేదాంట్లో తను సగానికి కాస్త పైన ఎత్తుతుందట. మరెందుకమ్మా ఇంత దూరం అన్నాను.

"ఊలే, మా దేశం నుంచి ఈ ఆటలో ఇప్పటిదాకా ఎవరి పేరు పక్కనా అంకె పడలేదు. ఒక్క అంకె పడితే చాలు. నా తరవాత వచ్చే పిల్లకి దాటడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

ఆ అంకె పడకపోతే తనను మళ్లీ పంపరని కూడా చెప్పింది. ఎనిమిది చోట్లకు వంద మంది ఎదురుచూస్తున్న దేశమట. బరువులకు ఇచ్చిన చోటు ఇంకేదైనా ఆటకు ఇచ్చేస్తారు.

పోటీ రోజు ఒక చిక్కు వచ్చింది. ఆ జట్టుకు ఉన్నది ఒక్క కోచ్, ఒక్క తూకం యంత్రం. అదే రోజు ఊరికి ఆ చివరన వాళ్ల బాక్సింగు కుర్రాడి పోటీ. కోచ్ యంత్రాన్ని తీసుకుని అటు వెళ్లాడు. పిల్లను హాలుకు చేర్చే పని నాకు అప్పగించాడు. మధ్యాహ్నం తూకం. అక్కడ ముందుగా చూసుకోవడానికి వేరే యంత్రం ఉంటుంది, పెందలాడే చేర్చు, తను వచ్చేదాకా పిల్ల నోట్లో ఏమీ పడనివ్వకు అని రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తల ఊపాను.

అంతకు ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఆ పిల్ల మంచినీళ్లు కూడా ముట్టలేదు. వ్యానులో నా పక్క సీట్లో కూర్చుని కిటికీకి తల ఆనించింది. పెదాలు పగిలి ఉన్నాయి. మాట్లాడితే నాలుక అంటుకుపోయే చప్పుడు వినబడుతోంది. బరువు ఎంతుందో తెలియక భయంగా ఉందని, త్వరగా వెళ్లి చూసుకోవాలని అంది.

అప్పుడు నాలో గోదాము కాటాదారు లేచాడు. అంత దూరం ఎందుకమ్మా, దారిలోనే మా ఇల్లు, మా ఇంట్లో కాటా ఉంది అన్నాను. జెట్టీలో కొత్త యంత్రాలు పెట్టినప్పుడు పక్కన పడేసిన పాత కాటాను నేను ఇంటికి తెచ్చుకున్నాను. మనిషి నిలబడగలిగేంత ఇనుప పలక, పైన అడ్డకడ్డీ, దాని మీద జరిపే బరువు, ఒక పక్క పౌన్లు, ఒక పక్క కిలోలు. మా వీధిలో పుట్టిన పిల్లలందరూ దాని మీద పడుకున్నవాళ్లే. చాలామంది ఆసుపత్రి చీటీలో ఉన్నదానికి అరకిలో తక్కువ తూగేవారు. ఆసుపత్రి వాళ్లకు తూచడం రాదని చెప్పి తల్లులను నేనే కోప్పడి పాలు ఎక్కువ పట్టించేవాణ్ని.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. వాళ్ల కొండల్లో కాఫీగింజలు కొనేవాళ్ల కాటాలు ఎప్పుడూ తక్కువే చూపిస్తాయని, వాళ్ల నాన్న మోసుకెళ్లిన బస్తా దారిలోనే చిక్కిపోయినట్టు తూగేదని చెప్పి, ఒక్క ప్రశ్న అడిగింది.

"నీ కాటా నిజం చెబుతుందా, ఊలే?"

"యాంగోన్ మొత్తంలో నిజం చెప్పే కాటా అదొక్కటే," అన్నాను.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ చోడి అంబలి, అంటే రాగిపిండి అంబలి, కాచి చల్లారబెట్టింది. శ్రీకాకుళం వదిలి మూడు తరాలైనా మా ఇంట్లో ఎండ పొద్దుకు అంబలి మానలేదు. పిల్ల చెప్పులు విప్పి కాటా ఎక్కింది. నేను కళ్లద్దాలు తుడుచుకుని కడ్డీ మీద బరువు జరిపాను. నలభై ఏడున్నర. మళ్లీ జరిపాను. నలభై ఏడున్నరే. ఆ పిల్ల ముఖం విచ్చుకోవడం నేను చూశాను. ఆ ముఖం చూసిన సంతోషంలో నేనే గెలిచినట్టు ఛాతీ విరిచాను.

మా ఆవిడ ఆ పిల్ల పెదాల వైపే చూస్తోంది.

"ఏటయ్యా, ఈ గుంటకి నోరు పిడచ కట్టుకుపోనాది. ఏటీ తిననేదా?"

సంగతి చెప్పాను. మా ఆవిడకు ఒళ్లు మండింది.

"ఒట్టి కడుపుతో ఎల్లి ఇనుము ఎత్తుతాదా? బస్తాలు మోసినోళ్ల ఇంట్లో పుట్టినావు, నీకేటైనా తెలిసిందా? కళ్లు తిరిగి ఆ ఇనుము మీద పడితే దీని తల్లికి ఎవుడు చెప్తాడు?"

జెట్టీ కూలీల ఇళ్లలో అదొక పద్ధతి. ఖాళీ కడుపుతో బరువు కిందికి మనిషిని పంపరు. మా తాత రోజుల్లో ఓడ దగ్గరికి వెళ్లే ముందు ప్రతి కూలీకీ ఒక గిన్నెడు అంబలి తాగించి పంపేవారట. తాగకుండా వెళ్లినవాడు ఓడకు వేసిన పలక మీంచి జారి పడిన కథలు మా ఇంట్లో అందరికీ వచ్చు. మా ఆవిడకు బరువులెత్తడమంటే అదే. ఎత్తే మనిషిని ముందు తూస్తారనే మాట ఆమెకు అర్థం కాలేదు. బస్తాను తూస్తారు గానీ మోసేవాణ్ని తూయడమేమిటి?

ఆమె గ్లాసు తెచ్చి అందించింది. పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. మా ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకోలేదు. పిల్ల నా వైపు చూసింది. నిర్ణయం నాకు వదిలింది. నేను కాటాదారు లెక్క వేశాను. గ్లాసుకు రెండు వందల గ్రాములు. రెండు గ్లాసులు తాగినా ఇంకా వంద మిగులుతుంది.

"తాగమ్మా, చోటుంది," అన్నాను.

మొదటి గ్లాసు ఆ పిల్ల కళ్లు మూసుకుని తాగింది. అలా తాగడం నేను ఇంకెక్కడా చూడలేదు. రెండో గ్లాసు అడగలేదు. దాన్ని నేనే పోశాను. మా ఆవిడ మురిసిపోయి ఆ పిల్ల తల నిమిరింది, బుగ్గలకు బర్మావాళ్లు పూసుకునే తనకా చెక్క గంధం రాసింది. వెళ్లేముందు ఆ పిల్ల వంగి మా ఆవిడ చేతులు పట్టుకుంది. కాళ్లకు దండం పెట్టిందని నేను చెప్పేది దీన్నే. పట్టుకున్నది చేతులు, అవి కూడా నావి కావు.

హాలుకు వేళకే చేరాం. ముందుగా చూసుకునే యంత్రం దగ్గర మనుషులున్నారు. ఆ పిల్ల వరసలో నిలబడబోతే, ఎందుకమ్మా మళ్లీ, చూశాం కదా, నేరుగా అసలుదే ఎక్కు అన్నాను. నా మాట మీద వెళ్లింది. ఆడపిల్లల తూకం లోపలి గదిలో. నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

బయటికి వచ్చి నాలుగు వేళ్లు చూపించింది. నాలుగు వందల గ్రాములు ఎక్కువ.

నేను ఏం చేశానో చెబితే మీరు నవ్వుతారు. లోపలున్న అధికారుల యంత్రం తప్పని వాదించాను. గుమ్మంలో నిలబడి, ముప్పై ఏళ్లు జెట్టీలో తూచినవాణ్ని, నా కాటా అబద్ధం చెప్పదు, మీ యంత్రాన్ని సరిచూడండి అని అరిచాను. ఒక ముసలి అధికారిణి ఓపిగ్గా విని, ముద్ర వేసిన తన ఐదు కిలోల తూకపు బిళ్లను యంత్రం మీద పెట్టి చూపించింది. ఐదు. ఇంకొకటి పెట్టింది. పది.

ఆ పది చూస్తుండగా నాకు మర గుర్తొచ్చింది.

నా కాటా కడ్డీ చివర ఒక చిన్న ఇత్తడి మర ఉంటుంది. నేను పనిలో చేరిన మొదటి ఏడే గోదాము యజమాని నన్ను పిలిచి, బియ్యంలో తేమకూ దుమ్ముకూ తరుగు తీయాలి కదా అన్నాడు. ఆ మర తిప్పింది నేనే. మిల్లువాళ్లు తెచ్చిన ప్రతి బస్తా అరకిలో తక్కువ చూపించేట్టు తిప్పి, పైన సీసం ముద్ర వేశాను. రేవులో అది అందరికీ తెలిసిన పద్ధతే. కానీ మిల్లువాళ్లు అడిగినప్పుడల్లా మా కాటా నిజాయితీ గురించి ప్రమాణం చేయాల్సింది నేను. ముప్పై ఏళ్లు రోజూ చేశాను. ఇంటికి తెచ్చుకున్నాక వీధివాళ్లకు చేశాను. అన్నిసార్లు చెప్పాక మనిషికి తన చెయ్యి తిప్పిన మర కూడా గుర్తుండదు. మోసం చేయాలని ఆ పిల్లను దాని మీదికి ఎక్కించలేదు. అది నిజం చెబుతుందని నేను నమ్మాను. రాయడానికి సిగ్గుగా ఉన్న మాట ఇదే.

ఆ అరకిలో కలిపితే, మా ఇంట్లో ఆ పిల్ల సరిగ్గా నలభై ఎనిమిది. ఏమీ తాగకుండా వచ్చి ఉంటే యంత్రం ఎక్కి దిగిపోయేది.

గడువు గంట. ఆ గంటలో ఎన్నిసార్లైనా తూయించుకోవచ్చు. ఆ పిల్ల వ్యానులోంచి నా వానకోటు తెమ్మంది. దాన్ని మెడదాకా బిగించుకుని ఎండలో హాలు చుట్టూ పరుగెత్తింది. ప్రతి చుట్టుకూ ఒకసారి నా ముందునుంచి వెళ్లేది. బుగ్గల మీద తనకా చెమటకు కరిగి మెడ మీదికి జారింది. ఒక ఖాళీ సీసా చేత పట్టుకుని అందులో ఉమ్ముతూ పరుగెత్తింది. కాసేపటికి ఉమ్మడానికి కూడా ఏమీ రాలేదు. లోపలికి వెళ్లి వచ్చింది. రెండు వేళ్లు. మళ్లీ పరుగు. మళ్లీ వెళ్లి వచ్చింది. ఒక వేలు.

అప్పుడు వ్యానులోని జట్టు మందుల పెట్టెలోంచి కత్తెర తీసి నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. నడుం దాకా జడ. నేను కత్తిరించలేనన్నాను.

"టైం లేదు ఊలే, కొయ్యి."

కట్లు కోసే కత్తెర అది, జుట్టు తెగదు. నమిలినట్టు కొంచెం కొంచెంగా కోశాను. జడ నా చేతిలో పడినప్పుడు, ఇది ఎంత తూగుతుందా అని ఆలోచించాను. అలాంటి బుర్ర నాది.

కోచ్ అప్పుడే టాక్సీ దిగాడు. బాక్సింగు కుర్రాడు ఓడిపోయాడని అతని నడకలోనే తెలిసింది. నా చేతిలో జడను చూసి ఆగిపోయాడు. పిల్ల అతన్ని దాటుకుని లోపలికి వెళ్లింది. గోడ గడియారంలో గడువు దాటింది. తలుపు తెరుచుకుంది.

యాభై గ్రాములు ఎక్కువ. ఒక కోడిగుడ్డు బరువు.

కోచ్ వాళ్ల భాషలో ఏదో అడిగాడు. తరవాత నా కోసమేనేమో, ఇంగ్లీషులో అడిగాడు.

"ఏం తాగావు?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు. నేను బల్ల మీంచి లేచాను. నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. ఎంత సమయమంటే, నేను తెరవనని ఆ పిల్లకు అర్థమయ్యేంత.

"నీళ్లు," అంది. "దాహం వేసింది. నేనే తాగాను."

కోచ్ తిట్టలేదు. తిట్టి ఉంటే మధ్యలో దూరి నిజం చెప్పేవాణ్నేమో. అతను ఆ పక్కనే మెట్టు మీద కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. పోటీ మొదలయ్యాక పిల్లను లోపల కూర్చోనిచ్చారు. పేర్ల పలక మీద అన్ని దేశాల వరసలూ వెలిగాయి. వాళ్ల దేశం వరస తీసేశారు. వేరే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎత్తుతుంటే, ఈ పిల్ల ఒళ్లో చేతులు బిగించి, వాళ్లతో పాటే ఊపిరి బిగబట్టి వదిలింది. తను ఎత్తాల్సిన బరువును మొదట వచ్చిన అమ్మాయి చెమట పట్టకుండా ఎత్తేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"ఎత్తినాదా?"

"ఎత్తింది," అన్నాను. "నీ అంబలి బలం."

ఆమె ఆ మాట వీధంతా చెప్పుకుంది. ఆ తరవాత ఎవరింట్లో పిల్లకు పరీక్ష ఉన్నా, ఇంటర్వ్యూ ఉన్నా, గ్లాసుతో వెళ్లి తాగించేది. నేను పక్కన నిలబడి కథకు ఏడాదికి కొంచెం కొంచెం బరువు కలుపుతూ వచ్చాను. ఆ నడుమ ఒకరోజు సంచౌంగ్‌లోని పాత ఇనుము కొట్టువాడు వచ్చి కాటాను తీసుకుపోయాడు. ఎందుకు ఇచ్చేశావని అడిగింది. తుప్పు పట్టిందన్నాను. ఆమె పోయేదాకా నిజం చెప్పలేదు. చెబితే తట్టుకోలేదని కాదు. గ్లాసు పట్టుకున్న చెయ్యి తనదే కాబట్టి తప్పంతా మీద వేసుకుంటుందని. ఇది కూడా సగమే నిజం. తప్పు ఎవరిదో ఒక్క క్షణంలో కనిపెట్టేస్తుందని కూడా.

పోటీలు అయ్యాక వాళ్లను విమానాశ్రయానికి నేనే దింపాను. ఈసారి ఆ పిల్ల నా పక్క సీట్లో కూర్చోలేదు. చివరి వరసలో, తలకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. సామాను దింపాక అందరికంటే ముందు లోపలికి వెళ్లిపోయింది. కోచ్ ఒక్కడు ఆగి, చాలా సాయం చేశారని నా చెయ్యి పట్టుకున్నాడు. వచ్చేసారి బరువులకు ఎవరినీ తేవడం లేదని చెప్పాడు. ఆ పిల్ల చాలా కష్టపడింది కానీ చివర్లో మనసును అదుపులో పెట్టుకోలేకపోయింది, అలాంటివాళ్లకు మళ్లీ చోటు అడగలేను అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఆ పిల్ల తప్పు లేదయ్యా, మర తిప్పింది నేను, చోటుంది తాగమన్నది నేను, రెండో గ్లాసు పోసింది నేను, వరసలో నిలబడనివ్వనిది నేను, అడిగినప్పుడు నోరు మూసుకున్నది నేను అని ఒక్కటీ వదలకుండా, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. తెలుగులో చెప్పాను. ఇంగ్లీషు నోట్లోనే ఉంది. బయటికి తేలేదు.

కోచ్ ఎంతో శ్రద్ధగా విన్నాడు. ఊరి పెద్దవాడు ప్రయాణానికి ముందు ఏదో దీవెన చదువుతున్నాడనుకున్నట్టున్నాడు. నేను ఆపాక, రెండు చేతులు జోడించి నా ముందు తల వంచాడు.

నేను అతని నెత్తిన చెయ్యి పెట్టాను.